ఇంట్లో కప్పింగ్ ఎలా చేసుకోవాలి: మచ్చ నల్లగా పడితేనే పనిచేసినట్టు కాదు

నేను చైనాలో ఎంబీబీఎస్ చదివి వచ్చానని తెలుసు కాబట్టి మా చుట్టాల్లో ఎవరికి మెడ పట్టేసినా ఫోను నాకే. "ఆన్‌లైన్‌లో కప్పుల సెట్ కొన్నాం, ఎన్ని నిమిషాలు ఉంచాలి?", "మంట పెట్టి చేసేదే అసలుదట కదా?", "మచ్చ నల్లగా వచ్చింది, లోపలి విషం బయటికొచ్చినట్టేనా?" తిప్పి తిప్పి ఈ మూడే. వాట్సాప్‌లో ఎవరికి వాళ్లకి ముక్కలు ముక్కలుగా చెప్పి విసుగొచ్చింది, అందుకే అంతా ఒక్కచోట రాసేస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్లకి ఇదే పంపిస్తా.

ముందే ఒక మాట. ఇక్కడ రాసేది పొడి కప్పింగ్ గురించి మాత్రమే, అంటే గాట్లు పెట్టరు, రక్తం తీయరు, మంట ఉండదు. అదీ వీపు, భుజాలు, తొడల కండరాల బిగుతుకి మాత్రమే. థైరాయిడ్ తగ్గుతుందా, బరువు తగ్గుతానా, పిల్లలు పుడతారా అని అడగొద్దు. తగ్గదు, తగ్గరు, దానికీ దీనికీ సంబంధం లేదు.

అసలు ఇదేంటో రెండు ముక్కల్లో

కప్పులో గాలి తగ్గించి చర్మానికి అతికిస్తే చర్మం, దాని కింది మెత్తటి భాగం కప్పులోకి పైకి లేస్తాయి. మసాజ్‌లో కండరాన్ని కిందికి నొక్కుతాం, ఇందులో పైకి లాగుతాం, అంతే తేడా. చైనావాళ్లు దీన్ని బాగ్వాన్ అంటారు. చాలా పాతది. హునాన్ రాష్ట్రంలో క్రీస్తుపూర్వం 168లో మూసేసిన ఒక సమాధిని 1973లో తవ్వితే పట్టుగుడ్డ మీద రాసిన వైద్య గ్రంథాలు బయటపడ్డాయి, వాటిలో మొలలకి కొమ్ము పెట్టి లాగే పద్ధతి ఉంది. అప్పట్లో కప్పులు ఎక్కడివి, పశువుల కొమ్ములే. తర్వాత వెదురు గొట్టాలు వచ్చాయి, మట్టివి వచ్చాయి, గాజువి వచ్చాయి, ఇప్పుడు ప్లాస్టిక్, సిలికాన్. మన సుశ్రుతుడి గ్రంథంలోనూ రక్తం తీయడానికి కొమ్ము, సొరకాయ బుర్ర వాడమని ఉంది కాబట్టి ఈ ఊహ ఒక్క చైనావాళ్లకే వచ్చిందనుకోనక్కర్లేదు.

పనిచేస్తుందా అంటే, మెడ నొప్పికీ నడుము నొప్పికీ కొన్నాళ్లు ఉపశమనం ఇస్తుందని కొన్ని అధ్యయనాలు చెప్పాయి, కానీ వాటి నాణ్యత అంతంతమాత్రం. ఒంటి మీద కప్పు ఉందో లేదో పేషెంటుకి తెలియకుండా పరీక్ష చేయడం కష్టం కదా, చిక్కంతా అక్కడే. నా వరకు నాకు, ఎనిమిది గంటలు లాప్‌టాప్ ముందు కూర్చుని బిగుసుకుపోయిన భుజాలకి హాయిగా ఉంటుంది. అంతకన్నా పెద్ద మాట చెప్పను.

చేయకూడనివాళ్లు

ఈ భాగం దాటేసి కిందికి పోవద్దు. మా వాళ్లలో ముగ్గురికి నేను వద్దని చెప్పింది దీనివల్లే.

రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు. గుండెకి స్టెంట్ వేయించుకున్న నాన్నలు, మామయ్యలు ఇంటికొకరు ఉన్న రోజులివి, నడుము నొప్పి ఉండేదీ వాళ్లకే. వాళ్లకి వద్దు. రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు, ప్లేట్‌లెట్లు తక్కువ ఉండటం, ఈమధ్యే డెంగీ వచ్చి తగ్గడం, వీటిలో ఏది ఉన్నా వద్దు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లకీ, మూర్ఛ ఉన్నవాళ్లకీ, కేన్సర్ చికిత్సలో ఉన్నవాళ్లకీ, జ్వరంతో ఉన్నవాళ్లకీ వద్దు. గర్భిణులకి పొట్ట మీదా నడుము మీదా చేయకూడదు, భుజం మీద కూడా చైనా వైద్యులు ఒప్పుకోరు, కాబట్టి అసలు మానేయండి. చిన్నపిల్లలకి వద్దు. చర్మం కాగితంలా పల్చబడిన పెద్దవాళ్లకీ వద్దు, వాళ్లకి చేతితో గట్టిగా పట్టుకున్నా కమిలిపోతుంది.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి కొంచెం వేరు. షుగర్ అదుపులో ఉండి, పుండ్లు మామూలుగానే మానుతుంటే, డాక్టర్‌ని అడిగి తేలిగ్గా చేసుకోవచ్చు. పాదాలు తిమ్మిరెక్కి స్పర్శ తగ్గినవాళ్లు మాత్రం కాళ్ల మీద పెట్టుకోకండి, బొబ్బ లేచినా తెలియదు.

ఇక చోట్ల సంగతి: మెడ ముందు భాగం, మెడ పక్కన నాడి కొట్టుకునే చోటు, కళ్ల చుట్టూ, రొమ్ములు, వెన్నుపూస ఎముకల మీద నేరుగా, గాయాలు, మొటిమలు, తామర, పుట్టుమచ్చలు, పిక్కల మీద పాముల్లా మెలికలు తిరిగి ఉబ్బిన నరాలు. వీటి మీద కప్పు పెట్టకండి. ఒక కాలి పిక్క ఉన్నట్టుండి వాచి, వేడిగా ఉండి నొప్పి పుడితే అది కండరం పట్టేయడం కాకపోవచ్చు, లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కప్పుల పెట్టె మూసేసి ఆసుపత్రికి వెళ్లండి.

కావలసినవి

పంపుతో వచ్చే ప్లాస్టిక్ కప్పుల సెట్. చైనాలో మందుల షాపుల్లో పన్నెండు, ఇరవై నాలుగు కప్పుల సెట్లు అమ్ముతారు, చాలా ఇళ్లలో బీరువా మీద ఒకటి ఉంటుంది, మన ఇళ్లలో బీపీ మిషన్ ఉన్నట్టు. మీకు పన్నెండు చాలు. మొదటి నెల అందులో నాలుగే వాడతారు. కొన్ని సెట్లలో కప్పు మధ్యలో పెట్టుకునే మొనదేలిన అయస్కాంతపు ముక్కలు కూడా ఇస్తారు, వాటిని తీసి పక్కన పడేయండి, చర్మం పైకి లేచినప్పుడు గుచ్చుకోవడం తప్ప వాటితో ప్రయోజనం నాకైతే కనిపించలేదు.

పంపు వద్దనుకుంటే సిలికాన్ కప్పులు. వేళ్లతో నొక్కి పెట్టి వదిలితే చాలు. పట్టు మరీ గట్టిగా ఉండదు కాబట్టి కొత్తవాళ్లకి ఇవే నయం, జరిపే పద్ధతికి కూడా ఇవే బాగుంటాయి. కాకపోతే పారదర్శకంగా ఉండేవి కొనండి. నల్లవి, నీలంవి కొంటే లోపల చర్మం ఏమవుతోందో కనపడదు.

కొబ్బరినూనె గానీ నువ్వులనూనె గానీ కొంచెం. నొప్పికి రాసుకునే బామ్ వద్దు, కప్పు కింద అది మండే మంట చూస్తే మళ్లీ జన్మలో కప్పింగ్ అనరు. రెండు తువ్వాళ్లు, ఫోన్‌లో టైమర్, గోరువెచ్చని నీళ్లు. అన్నిటికన్నా ముఖ్యంగా ఇంకో మనిషి. వీపు మీద ఎవరికి వాళ్లు పెట్టుకోలేరు, పెట్టుకున్నా తీసుకోలేరు.

చేసే విధానం

1. సమయం చూసుకోండి. కడుపు నిండా తిన్న వెంటనే వద్దు, ఖాళీ కడుపుతోనూ వద్దు. తిన్న గంట, గంటన్నర తర్వాత బాగుంటుంది. మందు కొట్టి ఉంటే ఆ రోజు మానేయండి. ఫ్యాను ఆపండి లేదా బాగా తగ్గించండి, ఏసీ గాలి నేరుగా వీపు మీద పడకూడదు. చైనావాళ్లు ఈ విషయంలో మన అమ్మమ్మలకన్నా ఘోరం, తలుపు సందులోంచి గాలి వస్తున్నా లేచి మూసేస్తారు. వాళ్ల సిద్ధాంతం ఎలా ఉన్నా, చలికి వణికే ఒంట్లో కండరం వదులు కాదు, కాబట్టి మాట వినండి.

2. ముందు కొలవండి. దీన్ని ఎవరూ చేయరు, తర్వాత "తగ్గినట్టే ఉంది, తగ్గనట్టే ఉంది" అంటారు. మెడ అయితే కుడికీ ఎడమకీ తిప్పి ఎంతవరకు తిరుగుతోందో, గోడ మీద ఏ వస్తువు వరకు కనిపిస్తోందో గుర్తు పెట్టుకోండి. నడుము అయితే నిలబడి మోకాళ్లు వంచకుండా ముందుకి వంగి వేళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూడండి. నొప్పికి సున్నా నుంచి పదిలో ఒక అంకె ఇచ్చి కాగితం మీద రాయండి.

3. బోర్లా పడుకోబెట్టండి. నుదురు కింద తువ్వాలు చుట్టి పెడితే మెడ ఒకవైపు తిరక్కుండా ఉంటుంది. ఒకసారి కప్పులు పెట్టాక ఇక కదలకూడదు, కాబట్టి బాత్రూమ్ పని, ఫోను పని ముందే కానిచ్చేయమనండి.

4. చోటు వెతకండి. తల వంచినప్పుడు మెడ మొదట్లో అన్నిటికన్నా ఎత్తుగా తగిలే ఎముక ఉంటుంది. అక్కడి నుంచి భుజం చివరి వరకు ఉన్న దూరంలో సరిగ్గా మధ్యన, కండ మందంగా ఉన్నచోట ఒకటి. అటు ఒకటి, ఇటు ఒకటి, మొత్తం రెండు. వెన్నుపూసకి రెండు వేళ్ల దూరంలో, రెక్క ఎముకకీ వెన్నుపూసకీ మధ్య ఉన్న కండ మీద ఇంకో రెండు. చైనా వైద్యంలో కూడా వెన్నుకి రెండు పక్కలా ఈ రెండు వేళ్ల దూరంలోనే మూత్రాశయ నాడి అనే రేఖ పోతుందంటారు, వాళ్ల వీపు కప్పులు చాలావరకు ఆ గీత మీదే ఉంటాయి. నడుముకి అయితే బొడ్డుకి వెనక ఎదురుగా వచ్చే మట్టంలో వెన్నుకి చెరోపక్కన, అదే రెండు వేళ్ల దూరం. బొటనవేలితో నొక్కి చూడండి, గట్టిగా ముడిలా తగిలి "అక్కడే, అక్కడే" అంటే కప్పు అక్కడికి జరపండి. పుస్తకంలో బొమ్మకన్నా ఆ మాట నమ్మకమైనది.

5. నూనె రాయండి. పల్చగా, చాలా పల్చగా. కప్పు అంచుకి కూడా కొంచెం. వీపు మీద వెంట్రుకలు ఎక్కువుంటే గాలి దూరి కప్పు ఊడిపోతూ ఉంటుంది, ఇంకాస్త నూనె రాయండి లేదా రెండు రోజుల ముందే కత్తెరతో కురచ చేసుకోమనండి. అప్పటికప్పుడు షేవింగ్ చేయొద్దు, రేజర్ కోతల మీద కప్పు పడుతుంది.

6. మొదటి కప్పు. కప్పు నెత్తిన ఉన్న పుల్లని కొద్దిగా పైకి లాగి వదలండి, అది బిగుసుకుపోయి ఉంటే గాలి రాదు. చర్మానికి ఆనించి, పంపు తగిలించి ఒకసారి లాగండి. సగం సగం కాదు, నిండుగా ఒక్కసారి. చర్మం లోపల చిన్న బోర్లా గిన్నెలా లేస్తుంది. చాలకపోతే ఇంకోసారి. మొదటి రోజు ఒక్కో కప్పుకి రెండు లాగుళ్లు దాటకండి. అంచనాకి చెప్పాలంటే చర్మం ఒక సెంటీమీటరు లేస్తే మొదటిసారికి ఎక్కువే.

అక్కడి క్లినిక్‌లో కప్పు పెట్టే ప్రతిసారీ వాళ్లు ఒక ప్రశ్న అడుగుతారు: "జిన్ బు జిన్?" బిగుతుగా ఉందా లేదా అని. ఇది మర్యాదకి అడిగేది కాదు. మీరూ ప్రతి కప్పుకీ అడగండి. "లాగినట్టు ఉంది, బాగుంది" అంటే సరిపోయింది. "చిటపటమంటోంది, గిల్లినట్టుంది, మండుతోంది" అంటే వెంటనే కొంచెం గాలి వదలండి. ఓర్చుకోమని చెప్పకండి, మన ఇళ్లలో అదో చెడ్డ అలవాటు.

7. మిగతా మూడూ పెట్టండి. కప్పుకీ కప్పుకీ మధ్య కనీసం మూడు వేళ్ల ఎడం ఉండాలి. దగ్గర దగ్గరగా పెడితే రెండు కప్పులూ మధ్యలో చర్మాన్ని చెరోవైపు లాగి అక్కడ నొప్పి పుడుతుంది. పెట్టాక పైన పల్చటి తువ్వాలు కప్పండి, కానీ పూర్తిగా మూసేయకండి, మీకు కప్పులు కనపడుతూ ఉండాలి.

8. టైమర్ పెట్టండి. మొదటిసారి మూడు నిమిషాలు, పడుకున్న మనిషి హాయిగా ఉంటే ఐదు. రెండో వారం నుంచి ఏడెనిమిది. పది దాటడానికి ఇంట్లో ఏ కారణమూ లేదు. చైనాలో పది పదిహేను ఉంచుతారన్నది నిజమే, కానీ అక్కడ పక్కన నిలబడేది రోజుకి ఇరవైమందిని చూసే మనిషి.

ప్రతి నిమిషానికీ కప్పులోకి చూడండి. గులాబీ, ఎరుపు, కాస్త ఊదా, ఇవి మామూలు. చర్మం మీద సన్నటి నీటి బుడగలు లేవడం మొదలైతే టైమర్ సంగతి వదిలేసి ఆ కప్పు తీసేయండి. మనిషికి తల తిరుగుతున్నా, వాంతి వచ్చేట్టున్నా, చల్లటి చెమట పట్టి మొహం పాలిపోయినా అన్ని కప్పులూ తీసేసి వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టండి, గోరువెచ్చని పంచదార నీళ్లు గుక్క గుక్కగా ఇవ్వండి. దీనికి వాళ్ల దగ్గర ఒక పేరే ఉంది, యున్‌గ్వాన్, అంటే కప్పు వల్ల కళ్లు తిరగడం. పేరు పెట్టేంత మామూలు విషయం కాబట్టి కంగారు పడకండి, కానీ పది నిమిషాల్లో తేరుకోకపోతే ఆసుపత్రికే.

9. తీయడం. లాగి పీకకండి. పంపు కప్పు అయితే పైనున్న పుల్లని పైకి లాగండి, సుయ్‌మని గాలి లోపలికి పోయి కప్పు దానంతటదే ఊడుతుంది. సిలికాన్‌ది, గాజుది అయితే అంచు పక్కన చర్మాన్ని వేలితో కిందికి నొక్కండి, ఆ సందులోంచి గాలి దూరుతుంది. మొదట పెట్టినదాన్నే మొదట తీయండి.

10. తర్వాత. పొడి గుడ్డతో నూనె తుడవండి, గట్టిగా రుద్దకండి, మచ్చల మీద మసాజ్ చేయకండి. చొక్కా వేసుకోమని, ఐదు నిమిషాలు అలాగే పడుకోమని చెప్పండి. గ్లాసు గోరువెచ్చని నీళ్లు. స్నానం కనీసం నాలుగైదు గంటలు ఆగాక, అదీ మరీ వేడినీళ్లతో వద్దు. ఆ సాయంత్రం జిమ్, ఈత మానేయండి. అదే చోట మళ్లీ పెట్టడం మచ్చ పూర్తిగా పోయాకే, అంటే వారం నుంచి పది రోజులు.

జరిపే పద్ధతి, తీసి పెట్టే పద్ధతి

మచ్చలు పడకూడదు, వారంలో పెళ్లుంది, వెనక డీప్ నెక్ బ్లౌజు అనేవాళ్లకి ఇవి. మొదటిదాన్ని జోగ్వాన్ అంటారు, నడిచే కప్పు అని అర్థం. నూనె కాస్త ధారాళంగా రాసి, సిలికాన్ కప్పు తేలిగ్గా నొక్కి పెట్టి, ఒక చేత్తో చర్మాన్ని కింద పట్టుకుని రెండో చేత్తో కప్పుని మెల్లగా మెడ నుంచి నడుము వైపు జరపండి. ఎముక మీదకి పోనివ్వొద్దు. అయిదారుసార్లు జరిపి వీపు గులాబీ రంగుకి రాగానే ఆపేయండి. కప్పు జరగనంటే పట్టు ఎక్కువైందని అర్థం, బలవంతంగా తోయకండి, తీసి ఇంకా తేలిగ్గా పెట్టండి.

రెండోది షాన్‌గ్వాన్. పెట్టడం, రెండు మూడు సెకన్లకే తీయడం, మళ్లీ అక్కడే పెట్టడం, ఇలా పది పదిహేనుసార్లు. చర్మం సున్నితంగా ఉన్నవాళ్లకి, మొదటిసారి భయపడేవాళ్లకి దీంతో మొదలుపెట్టండి. నిజం చెప్పాలంటే మా అమ్మకి నేను ఇది తప్ప ఇంకోటి చేయలేదు.

మంట గురించి

హువోగ్వాన్, అగ్గి కప్పు. వీడియోల్లో కనిపించేది ఇదే, చూడ్డానికి బాగుంటుంది. పట్టుకారుతో దూది ఉండ పట్టుకుని 95 శాతం ఆల్కహాల్‌లో ముంచి, ఎక్కువైంది పిండేసి, వెలిగించి, గాజు కప్పు లోపల ఒకటి రెండు చుట్లు తిప్పి బయటికి తీసి, అదే క్షణంలో కప్పుని ఒంటి మీద పెడతారు. వేడెక్కిన గాలి చల్లబడుతూ కుంచించుకుపోవడంతో కప్పు పట్టుకుంటుంది. మంట చేసే పని అదొక్కటే. మీ పంపు కూడా చేసేది సరిగ్గా అదే కాబట్టి "అసలుది, నకిలీది" అనే గొడవ లేదు. గాజు కొంచెం వెచ్చగా తగులుతుంది, అది హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ వెచ్చదనం కావాలంటే ముందు ఐదు నిమిషాలు వేడినీళ్ల సంచీతో కాపడం పెట్టుకోండి.

ఇంట్లో మంట ఎందుకు వద్దంటున్నానంటే, తప్పు జరిగే చోట్లు అన్నీ క్షణంలోవే. దూదిలో ఆల్కహాల్ ఎక్కువైతే మండుతున్న చుక్క వీపు మీద పడుతుంది. మంట కప్పు అంచుకి తగిలితే ఆ వేడి అంచు చర్మం మీద గుండ్రంగా వాత పెడుతుంది. పక్కన ఆల్కహాల్ సీసా మూత తీసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. చైనాలో నేను చదివిన నాన్జింగ్‌లో మాకు పాఠం చెప్పినాయన మొదటి రెండు క్లాసుల్లో మా చేత ఖాళీ బల్ల మీద మాత్రమే చేయించారు, మనిషి వీపు మూడో క్లాసులో గానీ చూపించలేదు. మీరు యూట్యూబ్ చూసి ఏకంగా మీ ఆయన వీపు మీద మొదలుపెడతానంటే నేనేం చేయను.

గాట్లు పెట్టి రక్తం తీసేది కూడా అంతే, ఇంట్లో వద్దే వద్దు. హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ సోకే దారి అది. హైదరాబాద్‌లో హిజామా అని బోర్డులు పెట్టి చేసేది ఎక్కువగా ఈ రకమే, యునానీ పద్ధతి. అక్కడికి వెళితే చేసే మనిషికి యునానీ వైద్యంలో ఇచ్చే బీయూఎంఎస్ డిగ్రీ ఉందా, బ్లేడు మీ కళ్ల ముందే కొత్త ప్యాకెట్‌లోంచి తీస్తున్నారా, కప్పులు ఒక్కసారి వాడి పారేసేవేనా అని చూసుకోండి. అడిగితే చిరాకు పడే చోటు నుంచి లేచి వచ్చేయండి.

ఎక్కువమంది చేసే తప్పులు

మొదటిది నాదే చెబుతా. సెకండ్ ఇయర్‌లో ఉండగా హాస్టల్లో మా గుంటూరు రూమ్మేట్ క్రికెట్ ఆడి నడుము పట్టేసిందంటే, కొత్తగా నేర్చుకున్న హుషారులో ఎనిమిది కప్పులు బిగించాను. వాడు "ఇంకా లాగరా, ఏం తెలియట్లేదు" అన్నాడు, నేను లాగాను. ఆ హాయికి వాడు నిద్రపోయాడు, నేను ఫోనులో పడ్డాను. ఇరవై ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండు కప్పుల్లో రూపాయి బిళ్లంత బొబ్బలు. మానడానికి పదిహేను రోజులు పట్టింది, వెల్లకిలా పడుకోలేక వాడు నన్ను తిట్టని తిట్టు లేదు. ఇందులో తప్పులన్నీ ఉన్నాయి చూడండి: కప్పులు ఎక్కువ, పట్టు ఎక్కువ, టైమర్ లేదు, మనిషి నిద్రపోయాడు. "ఏం తెలియట్లేదు" అనడం కూడా నమ్మకూడదు, మొదటి నిమిషంలో ఎవరికీ పెద్దగా తెలియదు, మూడో నిమిషంలో తెలుస్తుంది. నిద్రపోతుంటే లేపండి.

బొబ్బ లేస్తే ఏం చేయాలంటే, చిన్నదైతే గిల్లొద్దు, శుభ్రంగా పొడిగా ఉంచండి, దానంతటదే ఇంకిపోతుంది. పెద్దదైతే సూదితో మీరే పొడవకుండా డాక్టర్‌కి చూపించండి. పసుపు, టూత్‌పేస్ట్ పూయకండి. "బొబ్బ వచ్చిందంటే లోపలి నీరు బయటికొచ్చింది, మంచిదే" అని చెప్పేవాళ్లు చైనాలోనూ ఉన్నారు. బొబ్బ అంటే చర్మం పైపొర విడిపోయింది, అంతే.

ఇక నల్ల మచ్చ గోల. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ఆ గుండ్రటి మచ్చలు టీవీలో కనిపించినప్పటి నుంచి మచ్చ అంటే మెడల్ అనుకుంటున్నారు జనం. కప్పు లాగుడికి చర్మంలోని సన్న రక్తనాళాలు చిట్లి కొంచెం రక్తం బయటికి వచ్చి చర్మం కింద నిలుస్తుంది. తలుపుకి కొట్టుకుంటే కమిలినట్టే ఇదీ. చైనా వైద్యులు మచ్చ రంగుని చదువుతారు, ముదురు ఊదా అయితే రక్తం నిలిచిపోయిందని, బాగా ఎర్రగా ఉంటే వేడి చేసిందని, పాలిపోయినట్టుంటే చలువ అని. వాళ్ల శాస్త్రం వాళ్లది, కానీ ఒక చిన్న పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఏ నొప్పీ లేని తొడ మీద కప్పు పెట్టి నాలుగుసార్లు లాగి ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. అక్కడా మచ్చ ముదురుగానే పడుతుంది. తొడలో విషం ఎక్కడి నుంచి వచ్చింది మరి? రంగులో సగం మీ పంపు చేతిలో ఉంది. కాబట్టి మచ్చ రాలేదని ఇంకోసారి లాగకండి, పోయినసారికన్నా మచ్చ తేలికగా ఉందని జబ్బు తగ్గిపోయిందనీ అనుకోకండి.

కప్పు లోపల నీటి ఆవిరి కనిపిస్తే "ఒంట్లో నీరు చేరింది" అంటారు కొందరు. వెచ్చటి చర్మం, చల్లటి ప్లాస్టిక్, చెమట. టీ గ్లాసు మీద మూత పెట్టినా అదే జరుగుతుంది.

ఇంకొకటి, రోజూ చేయడం. నిన్న హాయిగా ఉంది కదా అని ఇవాళ అదే మచ్చ మీద మళ్లీ పెడతారు. కమిలిన చోట మళ్లీ కమిలిస్తే పుండు పడటమే. అలాగే నొప్పి ఉన్నచోటే పెట్టాలన్న పట్టుదల: మోకాలి చిప్ప మీద, మోచేతి ఎముక మీద కప్పు నిలవదు, నిలిచినా ఉపయోగం లేదు. మోకాలి నొప్పికి తొడ ముందు కండ మీద పెట్టి చూడండి.

పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుంది

కప్పులు తీసిన పది నిమిషాలకి రెండో అంచెలో చేసిన కొలత మళ్లీ చేయండి. అదే గోడ, అదే వస్తువు, అదే వంగడం. అంకె మళ్లీ అడగండి, ముందు చెప్పిన అంకె చూపించకుండా. మర్నాడు పొద్దున ఇంకోసారి, మూడో రోజు ఇంకోసారి. అప్పుడే చేసినప్పుడు అందరికీ బాగానే ఉంటుంది, అరగంట కదలకుండా పడుకుంటే ఎవరికైనా బాగుంటుంది, అసలు లెక్క మూడో రోజుది. ఏడు ఉన్నది నాలుగుకి వచ్చి మూడు రోజులు నిలిచిందంటే మీకు పనికొస్తోంది. ఏడు నాలుగై మర్నాటికి మళ్లీ ఏడైతే అది ఉపశమనమే, కుర్చీ ఎత్తు, దిండు, ఫోను పట్టుకునే తీరు చూసుకోవాలి. వారానికొకటి చొప్పున మూడుసార్లు చేసినా అంకె కదలకపోతే కప్పులు అటకెక్కించి ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి వెళ్లండి.

మచ్చల్ని కూడా చూస్తుండండి. మామూలు మచ్చ రోజురోజుకీ పల్చబడి, ఆకుపచ్చ పసుపు రంగులోకి మారి పది రోజుల్లోపు పోతుంది, నొక్కితే కొంచెం నొప్పి ఉంటుంది, అంతే. రెండో రోజు నుంచి ఎరుపు పెరుగుతూ, వేడిగా ఉండి, చీము గానీ జ్వరం గానీ వస్తే అది ఇన్‌ఫెక్షన్. నడుము నొప్పి కాలిలోకి కరెంటు షాకులా దిగుతున్నా, కాలు బలం తగ్గినా, మూత్రం ఆపుకోలేకపోతున్నా కప్పు గురించి ఆలోచించకండి, ఆ రోజే డాక్టర్. భుజం నొప్పితో పాటు ఛాతీ బరువుగా ఉండి చెమటలు పడితే కూడా అంతే, నిమిషం ఆలస్యం వద్దు.

కప్పులు కడగడం

వాడిన వెంటనే సబ్బు నీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్ దూదితో అంచులు తుడవండి. ప్లాస్టిక్‌వి మరిగే నీళ్లలో వేయకండి, వంకర్లు పోయి ఇక పట్టవు. సిలికాన్‌వి మరిగించొచ్చు. నెత్తిన ఉన్న పుల్ల దగ్గర నూనె చేరి జిగురెక్కుతుంది, కప్పు మాటిమాటికీ ఊడిపోతోందంటే నూటికి తొంభైసార్లు కారణం అదే, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. అంచు మీద చిన్న పగులు ఉన్నా పారేయండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వాడుతుంటే ఎవరి నాలుగు కప్పులు వాళ్లవి, స్కెచ్ పెన్‌తో పేర్లు రాసుకోండి. మా ఇంట్లో నా కప్పుల మీద కూడా మా ఆవిడ పేరే ఉంది, అది వేరే సంగతి.